కారు రిమోట్ కీలో బ్యాటరీ మార్చితే ఏది పోతుంది, ఏది మిగులుతుంది

రిమోట్ కీలోని బ్యాటరీ ఒక్కసారిగా ఆగిపోవడం అరుదు. ముందుగా దూరం తగ్గుతుంది. నిన్నమొన్నటి వరకు ఇరవై అడుగుల నుంచి తెరుచుకున్న తలుపు, ఇప్పుడు దాని పక్కనే నిలబడి నొక్కితే గానీ తెరుచుకోదు. తర్వాత ఒకసారి నొక్కడం చాలక రెండు మూడు సార్లు నొక్కవలసి వస్తుంది. కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక కూడా వెలుగుతుంది. ఈ దశలో యజమానికి రెండు పరస్పర విరుద్ధమైన మాటలు వినబడతాయి. ఇది గోడ గడియారంలో బ్యాటరీ మార్చినంత తేలికైన పని అని కొందరు చెబుతారు. బ్యాటరీ తీసిన మరుక్షణం కీ తన జ్ఞాపకాన్ని కోల్పోతుందని, ఆపై కారు దానిని గుర్తించదని, కంప్యూటర్‌తో మళ్లీ అనుసంధానం చేయించక తప్పదని మరికొందరు హెచ్చరిస్తారు. మొదటి మాటే చాలా కార్లకు వర్తిస్తుంది. అయితే రెండవ మాటను వట్టి పుకారుగా తోసిపారేయడానికి కూడా వీలులేదు, ఎందుకంటే కీని తెరిచినప్పుడు నిజంగానే కారు కదలకుండా పోయే సందర్భం ఒకటి ఉంది. దానికి కారణం మాత్రం జ్ఞాపకం చెరిగిపోవడం కాదు.

ఒకే పెంకులో ఇమిడిన వేరువేరు పరికరాలు

మన చేతిలో కనిపించేది ఒక్క వస్తువే అయినా, అందులో ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని పనులు చేసే భాగాలు ఉన్నాయి. ఏ భాగానికి బ్యాటరీ కావాలో, దేనికి అక్కరలేదో తెలిస్తే గందరగోళం చాలావరకు విడిపోతుంది.

మొదటిది లోహపు తాళం చెవి. బటన్‌తో ఇంజను నడిచే కార్లలో కూడా ఇది కీ లోపల దాగి ఉంటుంది. చిన్న మీటను జరిపితే బయటకు వస్తుంది. డ్రైవరు తలుపుకు దీనికోసం ఒక రంధ్రం ఉంటుంది, కాకపోతే కొన్ని కార్లలో అది పిడి దగ్గరి మూత కింద కనిపించకుండా ఉంటుంది.

రెండవది ట్రాన్స్‌పాండర్. సరైన కీ లేనిదే ఇంజనును నడవనివ్వని కాపలాదారు వంటి ఇమ్మొబిలైజర్ వ్యవస్థలో, కీ వైపు ఉండే భాగం ఇది. దీనికి బ్యాటరీ అవసరం లేదు. కీని తిప్పే చోట చుట్టూ, లేదా స్టార్ట్ బటన్ వెనుక, ఒక తీగచుట్ట ఉంటుంది. అది సుమారు 125 లేదా 134 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం నుంచే ట్రాన్స్‌పాండర్ తనకు కావలసిన శక్తిని గ్రహించి, తన గుర్తింపు సంకేతాన్ని తిరిగి పంపుతుంది. కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఇది సాధ్యం. ఐరోపాలో 1990ల చివర కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేశారు. ఆ తర్వాతి కాలపు కార్లలో ఈ భాగం లేని కీ దాదాపుగా కనిపించదు.

మూడవది బటన్లతో పనిచేసే రేడియో ప్రసారిణి. అంటే మనం రిమోట్ అని పిలిచేది. ఐరోపాలోనూ మరెన్నో దేశాల్లోనూ ఇది 433.92 మెగాహెర్ట్జ్ మీద, అమెరికా, జపాన్‌లలో ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. 1982లో రెనో సంస్థ తన ఫ్యూగో కారులో రిమోట్‌తో తెరుచుకునే తలుపులను ప్రవేశపెట్టినప్పటి నుంచి రిమోట్‌కు సొంత బ్యాటరీ కావలసి వస్తూనే ఉంది.

జేబులో నుంచి కీ తీయకుండానే తలుపు తెరుచుకునే కార్లలో నాలుగవ భాగం కూడా ఉంటుంది. కారు పంపే తక్కువ పౌనఃపున్యపు పిలుపు కోసం అనుక్షణం చెవి ఒగ్గి ఉండే గ్రాహకం అది. దానికీ బ్యాటరీయే ఆధారం.

కాబట్టి బ్యాటరీ పూర్తిగా అయిపోయిన రోజున పోయేవి బటన్లు, జేబులోంచి తెరిచే సౌకర్యం మాత్రమే. తలుపు లోహపు తాళం చెవితో తెరుచుకుంటుంది, ఇంజను ట్రాన్స్‌పాండర్‌తో నడుస్తుంది. స్టార్ట్ బటన్ ఉన్న కార్లలో కీని ఆ బటన్‌కు ఆనించి నొక్కడమో, తయారీదారు నిర్దేశించిన చోట ఉంచడమో చేయవలసి ఉంటుంది. ఆ చోటు ఒక్కో కారులో ఒక్కో విధంగా ఉంటుంది. స్టీరింగ్ స్తంభం పక్కన కావచ్చు, కప్పు పెట్టుకునే గుంత అడుగున కావచ్చు, చేతి ఆనింపు కింది అరలో కావచ్చు. కారుతో వచ్చిన పుస్తకంలో ఈ ఒక్క పేజీని ముందే చూసి పెట్టుకున్నవారికి బ్యాటరీ అయిపోవడం పెద్ద ఆపదగా అనిపించదు.

కీకి, కారుకు మధ్య ఒప్పందం ఎక్కడ నిలిచి ఉంటుంది

ఇప్పుడు జ్ఞాపకం చెరిగిపోతుందన్న భయాన్ని చూద్దాం. రిమోట్ ప్రతిసారీ ఒకే సంకేతాన్ని పంపితే, దానిని దొంగచాటుగా పట్టి మళ్లీ వినిపించిన ఎవరికైనా తలుపు తెరుచుకుంటుంది. అందుకే రోలింగ్ కోడ్ అనే పద్ధతి వచ్చింది. కీలోనూ కారులోనూ ఒకే రహస్య సంఖ్య, ఒక లెక్క ఉంటాయి. బటన్ నొక్కిన ప్రతిసారీ కీలోని లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ లెక్కను రహస్య సంఖ్యతో కలిపి కొత్త సంకేతం తయారవుతుంది. కారు తాను చివరగా అంగీకరించిన లెక్క కంటే ముందున్న సంకేతాన్ని మాత్రమే ఒప్పుకుంటుంది.

విస్తృతంగా వాడుకలోకి వచ్చిన కీలాక్ అనే పద్ధతిని ఉదాహరణగా తీసుకుందాం. కారు చివరగా అంగీకరించిన లెక్క 4,210 అనుకుందాం. కీ ఇంట్లో పిల్లల చేతిలో పడి, కారుకు అందనంత దూరంలో పదిసార్లు నొక్కుడుపడింది. కీలోని లెక్క 4,220కి చేరింది. మరునాడు కారు దగ్గర నొక్కినప్పుడు వెలువడే సంకేతం 4,221. కీలాక్‌లో లెక్క 16 వరకు ముందున్నా నేరుగా అంగీకారం ఉంటుంది కనుక తలుపు వెంటనే తెరుచుకుంటుంది. పదికి బదులు రెండువందల సార్లు నొక్కుడుపడి ఉంటే తర్వాతి సంకేతం 4,411 అవుతుంది. అది ఆ పరిధిని దాటింది కనుక మొదటి నొక్కుడుకు తలుపు కదలదు. కానీ వెంటనే రెండవసారి నొక్కినప్పుడు 4,412 వస్తుంది. రెండు సంకేతాలు వరుసగా ఉండటాన్ని గమనించి కారు తన లెక్కను సరిచేసుకుంటుంది.

ఇందులో బ్యాటరీ పాత్ర ఎక్కడ? రహస్య సంఖ్య, లెక్క రెండూ విద్యుత్తు లేకపోయినా చెరిగిపోని జ్ఞాపకశక్తిలో ఉంటాయి. బ్యాటరీ తీసి ఉన్నంతసేపు లెక్క ఆగిపోతుందే తప్ప వెనక్కి వెళ్లదు. కాబట్టి అయిదు నిమిషాల తర్వాత పెట్టినా, ఒక వారం తర్వాత పెట్టినా ఈ పద్ధతిలో తేడా ఉండదు. అయితే కొన్ని పాత కీలలో బ్యాటరీ మార్చిన తర్వాత ఒక చిన్న సమన్వయ ప్రక్రియ అవసరమవుతుంది. ఇంజను నడిపే తాళంలో కీని తిప్పి, నిర్ణీత వ్యవధిలో బటన్‌ను నొక్కడం వంటిది అది. ఆ కార్ల యజమానుల అనుభవమే ‘కీ మరచిపోతుంది’ అనే మాటగా అన్ని కార్లకూ పాకిందని నేను భావిస్తున్నాను.

బిళ్ల మీది అంకెలు ఏమి చెబుతున్నాయి

రిమోట్ కీలలో ఎక్కువగా ఉండేది నాణెం ఆకారపు లిథియం బ్యాటరీ. దాని మీది సీఆర్ 2032 వంటి పేరు వట్టి మోడల్ నంబరు కాదు, పూర్తి వివరణ. ‘సీ’ అన్నది లోపలి రసాయనాన్ని, అంటే లిథియం, మాంగనీస్ డయాక్సైడ్ జంటను సూచిస్తుంది. ‘ఆర్’ గుండ్రని ఆకారాన్ని తెలుపుతుంది. మొదటి రెండు అంకెలు వ్యాసం, 20 మిల్లీమీటర్లు. చివరి రెండు అంకెలు మందం, 3.2 మిల్లీమీటర్లు. ఆ లెక్కన సీఆర్ 2025 అదే వ్యాసంతో 2.5 మిల్లీమీటర్ల మందం, సీఆర్ 2016 అయితే 1.6, సీఆర్ 1620 అయితే 16 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం. వీటన్నింటి నామమాత్రపు వోల్టేజి మూడు వోల్టులే.

వోల్టేజి ఒకటే కదా, 2032 బదులు 2025 పెడితే ఏమవుతుందన్న ప్రశ్న సహజం. పనిచేయవచ్చు కూడా. కానీ 0.7 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలి, స్ప్రింగు పలక బిళ్లను గట్టిగా ఒత్తదు. కీ కింద పడినప్పుడో, జేబులో కదిలినప్పుడో సంబంధం తెగుతుంది. పైగా 2032లో సుమారు 225 మిల్లీ ఆంపియర్ అవర్ నిల్వ ఉంటే, 2025లో 160 దగ్గరే ఉంటుంది. దీనికి విరుద్ధంగా, 2025 కోసం చేసిన గూటిలో 2032ను బలవంతంగా ఇరికిస్తే స్ప్రింగు వంగిపోతుంది. ఆ తర్వాత సరైన బిళ్ల పెట్టినా వదులుగానే ఉంటుంది.

ఇంతకంటే సూక్ష్మమైన పొరపాటు ఒకటి ఉంది. కొన్ని కీలలో రెండు 2016 బిళ్లలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. రెండు 1.6లు కలిస్తే 3.2 కనుక వాటి చోట ఒక 2032 చక్కగా ఇమిడిపోతుంది. కానీ ఆ రెండు బిళ్లలు వరుసగా కలిసి ఆరు వోల్టులు ఇస్తున్నాయి, ఒక 2032 ఇచ్చేది మూడే. కొలత కుదిరినంత మాత్రాన విద్యుత్తు కుదరదు.

మళ్లీ ఛార్జ్ చేయగల ఎల్ఐఆర్ 2032 రకం గురించి కూడా భిన్నాభిప్రాయాలు వినబడతాయి. వ్యర్థాలు తగ్గుతాయన్నది దాని తరఫు వాదన, అది కాదనలేనిది. అయితే నిండుగా ఛార్జ్ అయినప్పుడు దాని వోల్టేజి 4.2 వరకు ఉంటుంది. మూడు వోల్టులకు రూపొందించిన సర్క్యూట్‌కు ఇది ఎక్కువ. నిల్వ సామర్థ్యం చూస్తే మామూలు బిళ్లలో అయిదో వంతు కూడా ఉండదు. కనుక రిమోట్ కీకి అది తగిన ఎంపిక కాదు. మామూలు సీఆర్ బిళ్లను ఛార్జ్ చేయాలని చూడటం మరింత ప్రమాదకరం, అది పగిలిపోవచ్చు. ఇక్కడ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. కొన్ని పాత బీఎండబ్ల్యూ కీలలో తయారీదారే ఛార్జ్ అయ్యే వీఎల్ 2020 బిళ్లను సర్క్యూట్ బోర్డుకు టంకం వేసి అమర్చాడు. కీ ఇంజను నడిపే తాళంలో ఉన్నప్పుడు అది ఛార్జ్ అవుతుంది. అటువంటి కీ పెంకును మామూలుగా తెరవడానికి వీలుండదు. కోసి తెరిచి, టంకం విప్పవలసి వస్తుంది.

మీటరు మూడు వోల్టులు చూపినా బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు

చాలామంది పాత బిళ్లను మల్టీమీటరుతో కొలిచి, 2.9 వోల్టులు కనిపించగానే లోపం బ్యాటరీలో లేదని నిర్ధారిస్తారు. ఈ కొలత మోసం చేయడానికి కారణం అంతర్గత నిరోధం, అంటే బిళ్ల లోపలే విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు. మీటరు దాదాపు విద్యుత్తునే తీసుకోదు, రేడియో సంకేతం పంపే క్షణంలో కీ మాత్రం గణనీయంగా తీసుకుంటుంది.

సంకేతం పంపేటప్పుడు 15 మిల్లీ ఆంపియర్లు అవసరమని అనుకుందాం. కొత్త బిళ్ల లోపలి నిరోధం 10 ఓములు అయితే లోపలే పోయే వోల్టేజి 0.15. బిళ్ల వాడుకలో అరిగి ఆ నిరోధం 60 ఓములకు చేరితే పోయేది 0.9 వోల్టులు. మీటరులో 2.9 చూపిన బిళ్ల, బటన్ నొక్కిన క్షణంలో 2 వోల్టులే అందిస్తుందన్నమాట. సర్క్యూట్‌కు కనీసం 2.2 వోల్టులు కావాలంటే అది అక్కడే ఆగిపోతుంది. చలిలో ఈ నిరోధం ఇంకా పెరుగుతుంది కనుకనే, చల్లని ఉదయం పనిచేయని కీ మధ్యాహ్నానికి మామూలుగా పనిచేస్తుంది. కాసేపు విశ్రాంతి ఇచ్చిన బిళ్ల కొంత కోలుకోవడం కూడా ఉంది. ఈ తాత్కాలిక కోలుకోవడాన్ని చూసి, సమస్య దానంతట అదే తీరిపోయిందనుకుంటే మళ్లీ అనుకోని చోట అది ఎదురవుతుంది.

ఎన్నాళ్లు వస్తుందన్న లెక్క, సొరుగులోని రెండవ కీ

225 మిల్లీ ఆంపియర్ అవర్ నిల్వతో లెక్క మొదలుపెడదాం. ఒక నొక్కుడుకు అర సెకను పాటు 15 మిల్లీ ఆంపియర్లు ఖర్చయితే, రోజుకు 20 నొక్కుళ్ల చొప్పున ఏడాదికి అయ్యేది సుమారు 15 మిల్లీ ఆంపియర్ అవర్. బటన్లు మాత్రమే ఉన్న కీకి మిగతా వేళల్లో ఖర్చు అత్యల్పం కనుక అది ఏళ్ల తరబడి నడుస్తుంది. కారు పిలుపు కోసం ఎదురుచూసే కీ మాత్రం మనం ముట్టుకోకపోయినా ఖర్చు చేస్తూనే ఉంటుంది. ఆ ఖర్చు 10 మైక్రో ఆంపియర్లు అనుకుంటే, ఏడాదిలోని 8,760 గంటలకు అది 87.6 మిల్లీ ఆంపియర్ అవర్. నొక్కుళ్లతో కలిపి 103 దాకా అవుతుంది, అంటే బిళ్ల రెండేళ్లకు కాస్త పైన నిలుస్తుంది. ఇవి అర్థం కావడానికి తీసుకున్న అంకెలు, ఒక్కో కీలో ఇవి మారతాయి. కానీ వాటి మధ్య నిష్పత్తి చెప్పే విషయం ముఖ్యమైనది: ఇటువంటి కీలో బ్యాటరీని తినేది మన వేలు కాదు, ఎదురుచూపు.

దీని నుంచి తేలే ఫలితం చాలామంది ఊహించనిది. వాడకుండా సొరుగులో భద్రపరిచిన రెండవ కీ కూడా దాదాపు అదే వేగంతో అరిగిపోతుంది. మొదటి కీ మొరాయించిన రోజున ఆదుకోవలసిన రెండవ కీ కూడా అదే స్థితిలో ఉండటం యాదృచ్ఛికం కాదు. కారు పక్కనే కీని వేలాడదీసే అలవాటు ఉంటే, కారు పంపే పిలుపులకు అది మాటిమాటికీ మేలుకొని మరింత ఖర్చు చేస్తుంది. కొత్త తరం కీలలో కొన్నింటికి కదలికను పసిగట్టే సెన్సారు ఉంటుంది. కొంతసేపు కదలకుండా ఉంటే అవి నిద్రలోకి వెళతాయి.

హెచ్చరిక రాకముందే మార్చాలా, వచ్చాక మార్చితే చాలా అన్నదానిపై రెండు వైపులా న్యాయం ఉంది. ముందే మార్చితే ఇంకా పనికివచ్చే బిళ్లను పారేసినట్లవుతుంది. అయితే హెచ్చరిక అన్ని కార్లలో ఉండదు, ఉన్నా సొరుగులోని కీ గురించి అది ఏమీ చెప్పదు. హెచ్చరిక వచ్చినప్పుడు రెండు కీలకూ కలిపి మార్చడం నాకు సమంజసంగా కనిపిస్తుంది.

పెంకు తెరిచే చోటే అసలు ప్రమాదం

ఈ పనిలో చెడిపోయేది సాధారణంగా ఎలక్ట్రానిక్స్ కాదు, ప్లాస్టిక్కు. పెంకు రెండు సగాలను చిన్న కొక్కేలు పట్టి ఉంచుతాయి. లోహపు తాళం చెవిని తీసినప్పుడు కనిపించే సందులోనే చాలా కీలకు తెరిచే చోటు ఉంటుంది. కొన్నింటికి ముందుగా చిన్న మరను విప్పవలసి ఉంటుంది. ఆ చోటు తెలియక అంచు పొడవునా స్క్రూడ్రైవరుతో పొడిచినప్పుడే కొక్కేలు విరుగుతాయి, నీరు చొరకుండా ఆపే సన్నని రబ్బరు అంచు తెగుతుంది. దెబ్బ ఆ రోజు కనిపించదు, మొదటి వానలో తడిసినప్పుడు బయటపడుతుంది.

ముందు చెప్పిన అసలు ఆపద ఇక్కడే ఉంది. కొన్ని కీలలో, ముఖ్యంగా లోహపు తాళం చెవిని తిప్పి ఇంజను నడిపే పాత కీలలో, ట్రాన్స్‌పాండర్ సర్క్యూట్ బోర్డు మీద ఉండదు. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దదైన గాజు గొట్టంగానో, నల్లని చిన్న ముక్కగానో పెంకులో విడిగా ఒక గుంతలో కూర్చుని ఉంటుంది. పెంకు ఒక్క ఉదుటున విడినప్పుడు అది ఎగిరి పడిపోవచ్చు. ప్లాస్టిక్ ముక్కేదో విరిగిందని ఊడ్చేసే వీలూ ఉంది. ఆ తర్వాత కొత్త బ్యాటరీతో తలుపులు చక్కగా తెరుచుకుంటాయి గానీ ఇంజను మాత్రం నడవదు. ‘బ్యాటరీ తీస్తే కీ మరచిపోయింది’ అన్న నమ్మకానికి ఇటువంటి సంఘటన గట్టి సాక్ష్యంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. నిజానికి కీ ఏదీ మరచిపోలేదు, దాని గుర్తింపు ముక్క నేల మీద ఉంది. పెంకును వెడల్పైన పళ్లెంలోనో, పరిచిన గుడ్డ మీదనో తెరిచినవారికి ఈ నష్టం కలగదు.

మిగతా జాగ్రత్తలు చిన్నవి. ధన ధ్రువం ఎటు ఉందో తీయకముందే చూసుకోవాలి, కొన్ని కీలలో అది పైకి, మరికొన్నింటిలో కిందికి ఉంటుంది. లోహపు పట్టకారు బిళ్ల రెండు ముఖాలనూ ఒకేసారి తాకితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మరొక కొత్త చిక్కు చేదు పూత. పిల్లలు నోట పెట్టుకున్న వెంటనే ఉమ్మేయాలని కొందరు తయారీదారులు బిళ్ల మీద తీవ్రమైన చేదు పదార్థాన్ని పూస్తున్నారు. ఉద్దేశం మెచ్చదగినది. అయితే కొన్ని పరికరాల్లో స్పర్శ పలక సరిగ్గా పూత ఉన్న చోటనే తగిలి విద్యుత్తు అందదు. ఆపిల్ సంస్థ తన ఎయిర్‌ట్యాగ్ విషయంలో వాడుకరులకు ఇదే హెచ్చరిక చేసింది. కొత్త బిళ్ల కీలో పనిచేయక, మీటరులో మాత్రం మూడు వోల్టులు చూపితే ఈ కారణాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

స్వయంగా చేసుకోవడమా, సర్వీసు కేంద్రానికి ఇవ్వడమా

స్వయంగా చేసుకోవచ్చనేవారికి గట్టి ఆధారమే ఉంది. ఎన్నో కార్ల యజమాని పుస్తకాల్లో బ్యాటరీ మార్పు బొమ్మలతో సహా ఇచ్చి ఉంటుంది. తయారీదారే యజమాని చేయదగిన పనిగా భావించాడనడానికి అంతకంటే నిదర్శనం అక్కరలేదు. సర్వీసు కేంద్రానికి ఇవ్వాలనేవారి వాదనలో బలం మరో చోట ఉంది. పెంకు పగిలితే బాధ్యత వారిది, బిళ్ల రకం పొరపాటు కాదు, సమన్వయ ప్రక్రియ కావలసిన కీ అయితే అదీ అక్కడే పూర్తవుతుంది. పుస్తకంలో ఆ పేజీ ఉంటే మొదటి పక్షం వైపు, కీ టంకం వేసిన రకమైనా, పెంకు ఇదివరకే పగిలి ఉన్నా రెండవ పక్షం వైపు మొగ్గడం సబబు.

కొత్త బిళ్ల పెట్టినా కీ పలకకపోతే రెండవ కీతో ప్రయత్నించడం చాలా విషయాలు తేల్చేస్తుంది. రెండవది పనిచేస్తే లోపం మొదటి కీలోనే ఉంది. బిళ్ల తిరగబడి ఉండవచ్చు, స్పర్శ పలక వంగి ఉండవచ్చు, బటన్ కింది మీట అరిగి ఉండవచ్చు. రెండూ పనిచేయకపోతే, ముందు అనుమానించవలసింది కారులోని 12 వోల్టుల బ్యాటరీని. అది పడిపోయిన కారు ఎంత మంచి కీకీ బదులివ్వదు.

తీసేసిన బిళ్ల ఇంకా చావలేదు

కీని నడపలేని బిళ్లలో కూడా శరీరాన్ని కాల్చగలిగేంత వోల్టేజి మిగిలి ఉంటుంది. ఇరవై మిల్లీమీటర్ల బిళ్లను చిన్న పిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కునే అవకాశం ఎక్కువ. తడి కణజాలం గుండా విద్యుత్తు ప్రవహించి, రుణ ధ్రువం దగ్గర క్షారం పుట్టి, రెండు గంటల్లోనే తీవ్రమైన పుండు పడుతుంది. బిళ్ల కారనక్కరలేదు, పగలనక్కరలేదు. ఏడుపు ఆపడానికి కారు కీని పసివాళ్ల చేతికి ఇవ్వడం ఎంత సాధారణమో తలచుకుంటే, బ్యాటరీ మార్చిన తర్వాత పెంకు గట్టిగా మూసుకుందో లేదో చూసుకోవడం ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. మింగారన్న అనుమానం కలిగినా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పాత బిళ్లలను ఒకే డబ్బాలో పడేస్తే అవి ఒకదానికొకటి తగిలి వేడెక్కవచ్చు, మంట కూడా పుట్టవచ్చు. అందువల్ల తీసిన వెంటనే రెండు ముఖాలనూ టేపుతో కప్పి, బ్యాటరీలను సేకరించే చోట ఇచ్చేవరకు పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి.